ఎర్ర బంగళా పిలుపు

మారేడుమిల్లి అవతల కొండ మీద ఎర్ర బంగళా అని ఒకటుంది. పెంకులు ఎప్పుడో కూలిపోయాయి, గోడలే మిగిలాయి. పొద్దుగూకాక ఆ పక్కన నడిచేవాళ్ళని వెనక నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుందని అక్కడి ఊళ్ళవాళ్ళు చెబుతారు. తిరిగి చూసినవాడికి జ్వరం. పలికినవాడు ఇల్లు చేరడు.

ఈ సంగతి నాకు చెప్పింది మా మేనల్లుడు శరత్‌చంద్ర. రామచంద్రపురంలో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాడు. దెయ్యమంటే నవ్వే మనిషి. ఇది చెప్పేటప్పుడు మాత్రం నా మొహం చూడలేదు.

వాడికి కొండల్లో పరుగు పిచ్చి. సాయంత్రం మొదలుపెట్టి, రాత్రంతా అడవి బాటల్లో ఎక్కి దిగి, తెల్లారాక ముగించే పోటీ అది. మన డెల్టాలో కొండేది? కాలవగట్టు మీద పరుగెత్తేవాడు, రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎక్కి దిగేవాడు. కిందటేడు టైము దాటిపోయిందని నిర్వాహకులు సగం దారిలోనే జీపెక్కించి దింపేశారు. దాంతో వీధిలో వాళ్ళు జీపు మాస్టారని పేరు పెట్టారు. ఈసారీ పూర్తిచెయ్యలేకపోతే పరుగు మాటే ఎత్తనని భార్యకి చెప్పి, మొన్న కార్తీకంలో మళ్ళీ వెళ్ళాడు.

బంగళాకి కింద, నీళ్ళిచ్చే టెంటులో చిట్టియ్య అనే కొండ ఊరి మనిషి మజ్జిగ పోస్తూ అన్నాడట — "మాస్టారూ, పైన ఎవరైనా పిలిస్తే మాత్రం పలక్కండి. ఆవిడకి చదువుకున్నోళ్ళంటే మహా ఇష్టం."

టెంటులో అందరూ నవ్వారు. వీడూ నవ్వాడు.

పైకి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

మంచు దిగింది. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. నుదుటికి కట్టుకున్న లైటు వెలుగులో కాళ్ళ ముందు రాళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. గోడలు దాటాడు. ఇంకో మలుపు ఎక్కితే చెక్‌పోస్టు... అది మూసేలోపు చేరకపోతే మళ్ళీ జీపే, ఆ వేళ దగ్గరపడింది. అప్పుడు —

"ఏవండీ..."

వెనక నుంచి. ఆడగొంతు. సన్నగా.

ఆగిపోయాడు. మెడ తిప్పలేదు. మన ఇళ్ళల్లో పిల్లలకి ఒకటి నేర్పుతాం కదా — రాత్రిపూట బయటినుంచి ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలక్కూడదని, మనిషి కానిది మూడోసారి పిలవలేదని. మా అక్క వరలక్ష్మమ్మే నేర్పింది వాడికి. ఫిజిక్స్ ఎటు పోయిందో గానీ, అక్క మాటే చెవిలో మోగింది.

"ఏవండీ... ఒక్కసారి..."

రెండు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మూడో పిలుపు కోసం.

రాలేదు.

కీచురాళ్ళు తప్ప చప్పుడు లేదు... ఇక పరుగు తీశాడు. అలాంటి పరుగు జన్మలో తీయలేదట. చెక్‌పోస్టు మూయకముందే దాటాడు. తెల్లారాక చివరి గీతా దాటాడు. మెడలో పతకం వేశారు. ఫోటో తీయించుకుని వీధివాళ్ళ గ్రూపులో పెట్టాడు.

ఇక్కడిదాకా విని నేనూ దెయ్యమే అనుకున్నాను.

కాసేపటికి మైకులో చెప్పారట — లెక్కలో ఒకరు తగ్గారు, కౌముది అనే అమ్మాయి ఇంకా రాలేదు, ఎవరైనా చూశారా అని. వీడికి బంగళా దగ్గర విన్న గొంతు గుర్తొచ్చింది. అప్పుడైనా నోరు తెరవాలా వద్దా? పతకం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వెతికేవాళ్ళు కొండంతా గాలించుకుంటూ వెళ్ళారు, బంగళా దగ్గర చూడాలని తెలిసినవాడు కుర్చీలో ఉండగా.

ఎండెక్కాక జీపులో తీసుకొచ్చారు. అమలాపురం పిల్ల, రాజమండ్రిలో ఉద్యోగం. బంగళా పక్కన వాగులోకి జారి కాలు విరిగింది. లైటు పగిలింది, ఫోనుకి సిగ్నల్ లేదు. రాత్రంతా మంచులో పడి ఉంది. ఎవరైనా వెనకబడ్డారేమో చూసుకుంటూ అందరికంటే చివర్న నడిచొచ్చే వలంటీర్లు పైనుంచే వెళ్ళిపోయారు గానీ, పిలవడానికి అప్పటికి ఆ పిల్లకి గొంతు లేదు.

అంబులెన్సు వచ్చేలోపు శరత్ టీ తీసుకుని దగ్గరికెళ్ళాడు. చెప్పేద్దామనే వెళ్ళానన్నాడు. చెప్పేద్దామని వెళ్ళేవాడు పతకం కనపడకుండా జాకెట్టు జిప్పు పైకి ఎందుకు లాక్కున్నట్టు?

ఆ అమ్మాయి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, వినీ వినపడని గొంతుతో అంది —

"చెబితే నమ్మరండి. అక్కడ నిజంగానే ఉంది."

"ఏంటండి?"

"దీపం... పైన దారిలో వచ్చి ఆగిందండి. మనిషే అనుకుని రెండుసార్లు పిలిచాను. మూడోసారి గొంతు పెగల్లేదు. అది మాత్రం కదల్లేదు... వింటున్నట్టే నిలబడింది. తర్వాత ఒక్కసారిగా వెళ్ళిపోయింది." గ్లాసు కింద పెట్టింది. "మనిషైతే దిగొచ్చేవాడు కదండీ?"

వాడు తలూపాడు.

"మీరూ ఆ దారినే వచ్చారుగా. మీకేం కనపడలేదా?"

"లేదండి," అన్నాడట మా మేనల్లుడు.