షేడ్ నెట్ కింద ఇల్లు

“మా ఇల్లు ఏదండి?” అంది వీరదుర్గ, గ్రామసభలో గోడకి అంటించిన మ్యాపు మీద వేలు పెట్టి.

కడియం పక్కనుంచి కొత్త రైలు మార్గం వేస్తే ఎవరెవరి ఇళ్ళు పోతాయో చూపించే మ్యాపు అది. డ్రోన్ ఫొటోలు చూసి దాన్ని గీసినవాడు త్రిమూర్తులు. తాతగారి పేరు పెట్టారు పాపం. పేరులో ముగ్గురున్నా రాజమండ్రి లాడ్జి గదిలో ఉండేది మాత్రం ఒక్కడే. ఊరూరా తిరిగే సర్వే ఉద్యోగంలో అతనికి పలకరించే దిక్కు కూడా లేదు.

“అది నర్సరీ కదండీ,” అన్నాడు మ్యాపు పక్కనే నిలబడ్డ అతను.

“నర్సరీయే. అందులోనే ఉంటున్నానండి.”

అసలు సంగతి ఏమిటంటే, కడియంలో మొక్కలకి ఎండ తగలకుండా ఆకుపచ్చ షేడ్ నెట్ కడతారు. వరండాలో పెట్టిన క్రోటన్ల కోసమని వీరదుర్గ నాన్న ఆ నెట్టును ఇంటి పెంకుల మీదుగా కూడా లాగేశాడు. ఆయన పోయాక ఆమె ఒక్కతే అక్కడ ఉంటోంది. పైనుంచి చూస్తే ఇల్లూ లేదు, మనిషీ లేదు, అంతా పచ్చగానే ఉంటుంది. మ్యాపులో అది ఇల్లు కాకపోతే, ఇల్లు పోయినవాళ్ళకి ఇచ్చే స్థలం రేపు ఆమెకు రాదు.

త్రిమూర్తులు తప్పు ఒప్పుకుని మర్నాడే ట్యాబ్ పట్టుకుని వెళ్ళాడు. ఆమె టీ ఇచ్చింది. ఒక మూల కొలత సరిగా రాలేదని మళ్ళీ వెళ్ళాడు. ఇంకోసారి వాన పడుతోందని వరండాలో ఆగిపోయాడు, అప్పటికి వాన వెలిసి చాలాసేపయింది. మా ఇంటికి మూలలెన్నో మీ ట్యాబ్‌కి ఇంకా తెలియలేదా అని ఆమె ఆటపట్టించింది. సాయంత్రం లారీలు మొక్కలతో వెళ్ళిపోయాక మాట్లాడేవాళ్ళు ఉండరని, మిగిలిన మొక్కలతోనే కబుర్లు చెప్పుకుంటానని నవ్వుతూనే అంది. అతనికి తన లాడ్జి గది గుర్తొచ్చి మనసంతా అదోలా అయిపోయింది.

ఆ తర్వాత అతను రాలేదు. గేటు చప్పుడైతే చాలు, వీరదుర్గ తొంగి చూసేది. చివరికి ట్యాబ్ పట్టుకుని రమ్యశ్రీ అనే అమ్మాయి వచ్చింది. ఈ ఇల్లు నాకొద్దని త్రిమూర్తులు గారే ఆఫీసులో చెప్పేశారంది.

వీరదుర్గకి ఒళ్ళు మండింది, వెనకే ఏడుపూ వచ్చింది. వెంటనే ఫోన్ చేసి, ఏంటండి, మా ఇల్లు మీకు అంత బరువైపోయిందా అని అడిగేసింది.

త్రిమూర్తులు గొంతు తగ్గించి చెప్పాడు.

“మన మనుషుల ఇల్లు మనం కొలవకూడదండి. రేపెవరైనా పేచీ పెడితే మీకు స్థలం రాకుండా పోతుంది. నేను కొలవనంటే, ఆవిడ నీకు ఏమవుతుందయ్యా అని మా ఆఫీసు మేడమ్ గారు అడిగారు. మా మనిషేనండి అని చెప్పేశాను. మిమ్మల్ని అడక్కుండానే చెప్పేశాను.”

వీరదుర్గ గడప మీద కూర్చుంది. నాన్న పోయాక ఆమెను మా మనిషి అన్నవాళ్ళు లేరు. లోపల రమ్యశ్రీ గోడలు కొలుచుకుంటోంది.

“రైలొస్తే ఈ ఇల్లు ఎలాగూ ఉండదు,” అంది మెల్లగా. “ఉన్నప్పుడే మా మనిషన్నవాడు వచ్చి ఓ పూట భోంచేస్తే బాగుంటుందండి. ఆదివారం వచ్చేయండి.”