కుదిపితే పట్టు

“సీసా పోయింది,” అన్నాడు చీఫ్ చంద్రశేఖర్. “ఎత్తుకెళ్లింది మన ఏజెంట్ సహస్రే.”

వికారాబాద్ ల్యాబ్‌లోని ఆ సీసాలో ఉన్నది పాకంలాంటి పట్టు ప్రోటీన్. ఆ ద్రవం దారంగా ఎలా పేరుకుంటుందో ఎక్స్‌రే, ఎన్‌ఎంఆర్, మైక్రోస్కోప్ మూడూ కలిపి చూసి, ఉక్కును మించే దారానికి దగ్గరకొచ్చారు మన సైంటిస్టులు. ద్రవం చేతికి చిక్కితే విదేశీ ముఠా దాని గుట్టంతా చదివేస్తుంది. దారమైపోతే చదవడానికి ఏమీ మిగలదు.

“తీసుకురా. కుదరకపోతే పనికిరాకుండా చెయ్. మనవాళ్లు ఇంకోటి చేసుకుంటరు.”

ఏజెంట్ నిరోషా తలూపింది. ఆ ద్రవాన్ని ఎలా కాపాడాలో సైంటిస్టు వాళ్లిద్దరికీ పాఠం చెప్పిన రోజు సహస్ర నల్లకళ్లద్దాల వెనక ఫోను చూసుకుంటూ కూర్చుంది. నిరోషా ఒక్క ముక్క వదల్లేదు. వాళ్లింట్లో డిగ్రీ చదివింది తనొక్కతే. పాఠం వదిలేసే అలవాటు లేదు.

తాండూరు బస్టాండు. ఆటో నడిపే సీట్లో నిరోషా: ఖాకీ చొక్కా, మొహానికి మఫ్లర్, గుండీలో మైకు. ముఠా పంపిన అసలు ఆటోడ్రైవర్ అప్పటికే పోలీసు జీపులో ఉన్నాడు.

“కందులు కొత్తవేనా?” సెంటు వాసనతో పాటు వచ్చింది సహస్ర గొంతు.

“ఉడికితే తెలుస్తది మేడమ్,” గొంతు మార్చి అంది నిరోషా.

కోడ్ సరిపోయింది. సహస్ర సీసా ఉన్న ఐసు ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మలుపులో గాలికి మఫ్లర్ జారింది. వెంటనే నిరోషా మెడకు పిస్టల్ తగిలింది.

“నువ్వా? బండలు మోసెటోళ్ల బిడ్డవు, నీకెందుకే గీ పంచాయితీ? బండల పాలిషింగ్ యూనిట్‌కు నడుపు.”

“మా నాయిన నెత్తిమీద బండలు మోసిండు. గసొంటి మెడలు వంగవు సహస్రా.”

నడిపింది. కాకపోతే బండల లారీలు తిరిగి తిరిగి గుల్లచేసిన రోడ్డు మీద నడిపింది.

“మెల్లగ పోనియ్. కాలుస్త.”

“కాల్చు. ఆటో బోల్తా పడ్తది, నీ సీసా పలుగుతది.”

ఆ తర్వాత ఒక్క గుంతను కూడా తప్పించలేదు.

యూనిట్‌లో విదేశీయుడి కారు ఇంజన్ ఆన్‌లోనే ఉంది. అతను సీసా అందుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. తలకిందులు చేశాడు. చుక్క రాలలేదు. లోపల తెల్లటి పోగుల ముద్ద.

“ఐసు కరగనియ్యలే,” అంది సహస్ర. 

“చల్లగుంటే సరిపోదు. కుదిపితే ప్రోటీన్లు ఒకదాన్నొకటి పట్టుకుంటయి, మళ్ల విడువయి. గా రోజే చెప్పిన్రు. నువ్వు ఫోన్ల ఉన్నవ్.”

అతను కారు వైపు దూకాడు. గుండీ మైకులో అంతా వింటూ వచ్చిన పోలీసులు అప్పటికే గేటు మూసేసి ఇద్దరినీ చుట్టుముట్టారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “ఏ టెక్నిక్ వాడినవని రిపోర్టులో రాయాలె?”

“బండల లారీల రోడ్డని రాయండి సార్. బాగుచెయ్యమని మాత్రం రాయకండి.”