అవతలికి రాని అల

ఫిబ్రవరి పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం యతిరాజులు తింటున్నది రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. సగం ముద్ద చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. మిగతా సగం కంచంలోనే ఉండిపోయింది.

చిత్తూరులో ఒక జిరాక్స్ షాపు మేడమీది గది. చీఫ్ హరినాథ్ బ్రీఫింగుల్లో మాటలు దుబారా చేసే మనిషి కాదు.

"ఆపరేషన్ ఊట. రేపే."

పూతలపట్టు దాటాక నక్కలకొండ ఉంది. దాని కడుపులో రక్షణ శాఖ తొలిపించిన రహస్యపు గది ఉంది. అది సరిగ్గా ఎక్కడుందో, ఎంత లోతో తెలుసుకోవాలని ఒక విదేశీ ముఠా భూగర్భ జలాల సర్వే కంపెనీ వేషంలో దిగింది. కొండ ఈ పక్క నేలలో చిన్న పేలుడు జరుపుతారు. ఆ పక్క మామిడితోపుల్లో పాతిన జియోఫోన్లు కొండలోంచి వచ్చే ప్రకంపనాల్ని వింటాయి. రాతిలో అల నడక వేరు, డొల్లలో వేరు. ఆ తేడాను బట్టి కంప్యూటర్ గది బొమ్మ గీస్తుంది. గీస్తుండగానే అది శాటిలైట్ మీదుగా దేశం దాటిపోతుంది.

ముఠా నాయకుడు వోల్కర్. పేలుడు సమయానికి తప్ప బయటికి రాడు. ముందే రెయిడ్ చేస్తే దొరకడు.

"ముఠా లోపల మన కమలిని ఉంది కదా," అన్నాడు యతిరాజులు.

"మూడు నెలలుగా ఒక్క మెసేజ్ లేదు. ఆమె ఇప్పుడు ఎవరి మనిషో నాకు తెలియదు. అటు తిరిగిపోయి ఉంటే వెనక్కి తీసుకురావద్దు."

యతిరాజులు తలూపాడు. కమలినిని తిరుపతి కాలేజీలో ఏరి తెచ్చింది అతనే. భూభౌతిక శాస్త్రం నేర్పింది అతని భార్య పెరుందేవి. పెరుందేవి కన్నుమూసిన వారం, ఆస్పత్రి వరండాలో అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నది ఈ పిల్లే. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, అతను తాగేదాకా వేరేవైపు చూసేది. పిల్లలు లేని ఇంట్లో ఆ మాత్రం దయ చాలా పెద్దది. ఆమెను ప్రాణాలతో తీసుకురావాలి. ఆ మాట అతను చీఫ్‌తో అనలేదు.

మరునాడు యతిరాజులు నీళ్ళు చూసే సామి వేషంలో కొండకింది ఊరు చేరాడు. నుదుట విభూతి, భుజాన కాషాయం తువ్వాలు. అరచేతిలో టెంకాయ. నేలకింద ఊట ఉన్నచోట టెంకాయ నిలువుగా లేస్తుందని అక్కడి నమ్మకం. ఈ టెంకాయలో మాత్రం జామర్ ఉంది. పేలుడు జరిపే రేడియో ట్రిగ్గర్‌ను అది మూగబోయేలా చేస్తుంది.

కమలిని సర్వే కంపెనీ మేడంగా, కుప్పమ్మ అనే ముసలామె ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. గులాబిరంగు కుర్తా, కూలింగ్ గ్లాసెస్, మెడలో నీలంరాయి గొలుసు. ఊరంతా ఆమెనే చూస్తోంది. ఆమె తాడు ఒక కొసను మునిరామయ్య అనే రైతు చేతికిచ్చి, రెండో కొస ఊపుతోంది.

"భూమిని తట్టితే రెండు అలలు పుడతాయన్నా. ఒకటి గూడ్స్‌బండి పెట్టెల మాదిరి ఒకదాన్నొకటి తోసుకుంటా పోతాది. అది ముందొస్తాది. రెండోది ఈ తాడు మాదిరి అటూ ఇటూ ఊగుతా వస్తాది. నీళ్ళు అడ్డమొస్తే ఆ రెండోది ఆగిపోతాది. భూమి గుండె సుట్టూ కరిగిన ఇనుముండాదని ఎవురూ దిగి సూడలేదు. భూకంపమొచ్చినప్పుడు ఆ అల అవతలికి రాలేదు. రాలేదు కాబట్టే తెలిసింది."

"అయితే మా ఇంటిదాని మనసు గూడా మీ మిషన్ పెట్టి సూడొచ్చా మేడం?" అన్నాడు మునిరామయ్య.

"ముందు నువ్వు తట్టాల గదన్నా."

అందరూ నవ్వారు. యతిరాజులు ముందుకొచ్చి కోడ్ వాక్యం అన్నాడు.

"ఊట యాడుండాది తల్లీ?"

ఈశాన్యం అని ఆమె చెప్పాలి. అద్దాల వెనక కళ్ళు కనబడలేదు.

"మీ టెంకాయకే తెలియాల గదా సామీ," అంది. జనం మళ్ళీ నవ్వారు. ఆమె వేళ్ళు నీలంరాయిని ఒకసారి తాకి దిగిపోయాయి.

యతిరాజులు పక్కకు తప్పుకున్నాడు. వచ్చిన జవాబు ఈశాన్యం కాదు.

విజిల్ వేస్తే ఊరంతా కదలకుండా ఉండాలని కంపెనీ చాటింపు వేయించింది. అడుగుల చప్పుడైనా మిషన్‌కు వినబడుతుందట, అప్పుడు నీళ్ళు కనబడవట. ఆ ఊళ్ళో ప్రతి చేనులోనూ నీళ్ళు పడని బోరు ఒకటుంది. అందుకే అందరూ ఒప్పుకున్నారు. మోటార్లు ఆపేశారు. ఎద్దుల మెడగంటల్లో గడ్డి కుక్కారు. ఒక ముసలాయన తువ్వాలు నోట్లో పెట్టుకుని దగ్గు ఆపుకుంటున్నాడు. అంతమంది నమ్మకంతో ఊపిరి బిగబట్టి కూర్చోవడం యతిరాజులు తన సర్వీసులో ఎక్కడా చూడలేదు. అంత నమ్మకాన్ని మోసం చేయడమూ చూడలేదు.

వోల్కర్ వచ్చాడు. ఎర్రటి మెడ, తెల్లచొక్కా. సర్వే వ్యాన్‌లోకి ఎక్కాడు. యతిరాజులు టెంకాయ పీచు కింద బటన్ నొక్కాడు. అప్పుడు కనిపించింది, గడ్డిలోంచి వ్యాన్ దాకా పాకిన నల్లటి వైరు.

ట్రిగ్గర్ రేడియోది కాదు. వైరుది.

అతను వ్యాన్ వైపు పరుగెత్తాడు. విజిల్ మోగింది.

అదే క్షణంలో కుప్పమ్మ చేలో బోరు లారీ గర్జించింది. కంప్రెసర్ హోరు, రాతిని బాదే సుత్తి మోత, పైకెగసిన తెల్లదుమ్ము. పేలుడు అరికాళ్ళకు మాత్రమే తెలిసింది.

వ్యాన్‌లో తెర మీద గీతలన్నీ చిక్కుపడిన నూలులా అయిపోయాయి. వోల్కర్ కిందికి దూకి, బండి ఆపమని అరిచాడు. బోరు లారీవాళ్ళకు ముందురోజే డబ్బు పంపి, బండి కదిలించొద్దని చెప్పించాడు కూడా. కర్పూరం పళ్ళెంతో అడ్డంగా నిలబడింది కుప్పమ్మ.

"ఈ గడియకే బండి కదలాలని ఆ పాప ముహూర్తం పెట్టింది నాయనా. ముహూర్తం యాడన్నా ఆపుతారా?"

కమలినిది కోవెల పంచాంగం చూసే ఇల్లు. అది తెలిసిన ఆ ఊళ్ళో ఆమె పెట్టిన గడియను దాటనిచ్చే మనిషి లేడు. వోల్కర్‌కు తెలుగు రాదు. కానీ కుప్పమ్మ వేలు ఎవరివైపు చూపిస్తోందో అర్థమైంది. ఒక్క తూటా పేలింది.

తోపులో కూలీల వేషంలో ఉన్న పోలీసులు అతన్ని నేలకేసి అదిమారు. యతిరాజులు కూలిపోయిన కమలిని తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"గొలుసులో మైకు, సార్. వాళ్ళే వేసినారు. మెసేజ్ పంపలేకపోయినా."

"తెలుసమ్మా," అన్నాడు. అప్పుడే తెలిసింది.

"కుప్పమ్మవ్వకు బోరుకని చూపించింది నిజంగా నీళ్ళుండే చోటే. నీళ్ళు పడినాయా?"

బోరులోంచి పొడిదుమ్ము తప్ప ఏమీ రావడం లేదు.

"పడినాయి. బాగా పడినాయి."

ఆమె పెదవులు కాస్త విచ్చుకున్నాయి. అలాగే ఉండిపోయాయి.

పొద్దుగూకే వేళకు చీఫ్ ఫోన్ చేశాడు. బొమ్మ ఏమైనా దేశం దాటిందా అని అడిగాడు.

"దాటింది సార్. ఈపాటికి ఎక్కడో పెద్ద పెద్ద నిపుణులు కుప్పమ్మ బోరును పరిశీలిస్తూ ఉంటారు."

కమలిని ఎవరి మనిషో రిపోర్టులో రాయమన్నాడు చీఫ్. మన మనిషే అని రాస్తానన్నాడు యతిరాజులు.

అతను అరుగు మీద కూర్చుని ఉండగా చేలోంచి కేకలు వినిపించాయి. ముందు బురద, తర్వాత ఒకటిన్నర ఇంచు నీళ్ళు. గొప్ప ఊట కాదు. ఒక ముసలామె చేనుకు చాలు. అతను ఇన్నేళ్ళలో చెప్పిన అబద్ధాల్లో నిజమైనది అదొక్కటే. కొంచెం ఆలస్యంగా.

కుప్పమ్మ ఒక చెంబెడు ఆ నీళ్ళే తెచ్చి అతని పక్కన పెట్టింది.

"ఆ పాప ఎవురి బిడ్డ సామీ?"

"నా బిడ్డే."

కుప్పమ్మ అరుగు మీద చాప పరిచి, దిండు సర్ది, లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.