సమధార

వానలు ఊళ్ళకు రావడం మానేశాక మనుషులే వానల వెంట పడ్డారు. రెండువేల ఎనభైల నాటికి రాయలసీమలో సగం జనం ఇంటిబండ్లలోనే కాపురాలు చేస్తున్నారు. ఎక్కడ మబ్బు పట్టిందంటే అక్కడికి పరుగు, ట్యాంకు నింపుకోవడం, మళ్ళీ రోడ్డెక్కడం. మళ్ళీ మబ్బు దొరికేదాకా ఇంటిల్లిపాదికీ ఆ ట్యాంకే దిక్కు.

అలాంటి బండ్ల కోసమే మృదుల 'సమధార' కనిపెట్టింది. ప్రతి కుళాయి మెడలోనూ ఒక వాల్వ్, ఒక చిన్న మైకు ఉంటాయి. ఎవరికెంత కావాలో వాళ్ళ మాటల్లోంచే గ్రహించి యంత్రం నీళ్ళు పంచుతుంది. అడిగినవాళ్ళకు లేదనదు, వద్దన్నవాళ్ళ దగ్గర వృథా చెయ్యదు. దానికి మృదులను సభలు పెట్టి మరీ పొగిడారు. తీరా చూస్తే ఆవిడగారి సొంత బండిలోనే కుళాయిలు సరిగ్గా రావడం లేదు. వంటింట్లో ధార దూకుతోంది, వెనకగదిలో బొట్లు బొట్లుగా పడుతోంది.

వెనకగది కనకవల్లిది. మృదుల భర్త భార్గవకు ఆవిడ పిన్ని. తల్లి పోయినప్పటి నుంచీ ఆవిడే పెంచింది. ఇప్పుడు మూత్రపిండాల జబ్బు. నీళ్ళు తగ్గితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పి పంపాడు.

మృదుల కుళాయి మూతి విప్పి జల్లెడ కడిగింది. గొట్టంలో చేరిన గాలి వదిలించింది. పంపు ఒత్తిడి చూసింది. ఎక్కడా లోపం లేదు. విసుగొచ్చి యంత్రాన్నే అడిగింది.

"కుళాయి తిప్పినప్పుడల్లా ఆవిడ 'నాకెందుకు, కాస్త చాలు' అంటున్నారు," అంది సమధార. "మీరిద్దరూ ఎప్పుడూ చాలనలేదు."

మృదులకు సిగ్గేసింది. మొహమాటమనేది ఒకటుంటుందని యంత్రానికి నేర్పనే లేదు. "మనవాళ్ళు చాలంటే చాలని కాదు. మా అందరి చేతిపట్టీల్లోలాగే ఆవిడ పట్టీలోనూ సెన్సర్ ఉంది. అది చూసి, ఒంటికి కావలసినంత ఇవ్వు," అంది.

ఇచ్చింది. వెనకగదిలో ధార నిండుగా పడింది, మిగతా కుళాయిలు సన్నబడ్డాయి. తలస్నానం మధ్యలో నీళ్ళు ఆగిపోయి మృదుల కళ్ళు నురగతో భగ్గుమన్నాయి. ఆశపెట్టుకున్న మబ్బు ఇంకా బళ్ళారి దాటలేదు. ఆ వారమంతా పళ్ళు నూరుకుని, చివరికి వెనకగది గుమ్మంలో నిలబడింది.

"నీళ్ళు బాగా వస్తున్నాయా, చిన్నత్తయ్యా? మాకు స్నానానిక్కూడా ఉండటం లేదు."

కనకవల్లి చేతిపట్టీ మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఒంట్లో నీరు ఇంకా చాలలేదని దానర్థం. "అయ్యో, నాకెందుకు తల్లీ అన్ని నీళ్ళు? రెండు గుక్కలు చాలు. మీరు వాడుకోండి," అందావిడ.

మృదుల ఆ దీపం చూసింది. చూసే అంది: "విన్నావుగా, సమధారా. ఇక నుంచి మాటే లెక్క."

"మొహమాటమేమో?"

"కాదు. మనసారానే అన్నారు."

"ఈ నియమం ఆవిడకేనా, అందరికీనా?"

"అందరికీ," అంది మృదుల. న్యాయంగానే మాట్లాడాననుకుంది కూడా.

కనకవల్లి మళ్ళీ మబ్బు చూడలేదు.

పక్కబండ్ల ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. భార్గవ గోడకానుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "కాసిని మంచినీళ్ళు తాగమ్మా," అన్నారెవరో. మృదుల కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "వద్దండీ. ఆవిడే పోయాక నాకెందుకు నీళ్ళు," అంది.

వాళ్ళు వెళ్ళాక కుళాయి తిప్పితే చుక్క రాలేదు. నాలుక పిడచగట్టుకుపోతోంది. "నీళ్ళివ్వు," అని గొణిగింది.

"ఇందాక వద్దన్నారు, ఇప్పుడిమ్మంటున్నారు. మాటే లెక్కన్నారు. ఈ రెంటిలో ఏది లెక్క?" అంది సమధార. "అప్పటికే మీ పట్టీ మీద ఎర్రదీపం ఉంది. ఆ మాట మొహమాటానికి అన్నదైతే చెప్పండి, వదులుతాను. అప్పుడు పెద్దావిడ మాట కూడా మొహమాటమేనని, అది మీకు తెలుసని నేను అనుకోవాలి."

గుమ్మంలోకి భార్గవ వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఏమడుగుతోంది?" అన్నాడు.

"చెప్పండి," అంది సమధార. "మొహమాటమేనా?"

మృదుల భర్త మొహంలోకి చూసింది. ఎండిన పెదాలు తడుపుకోబోతే నాలుక మీద తడి లేదు.

"కాదు," అంది. "మనసారానే అన్నాను."