చేదు తెలిసిన నాలుక

“నాలుగింటికి ప్రివ్యూ. హాల్లో రెండు వందలమంది కాలేజీ పిల్లలుంటారు. విదేశీ ముఠా కొత్త మత్తుమందును వాళ్ళ మీదే ట్రయల్ వెయ్యబోతోంది. ఎలా ఇస్తారో కనిపెట్టు,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ తలూపాడు. ఆఫీసులో ఆయన చీఫ్. ఇంట్లో బావ, సొంత అక్క మొగుడు.

ముఠా అడ్డా ఒక యానిమేషన్ స్టూడియో. ఎనిమిది నెలలుగా ఏజెంట్ అందులో నటుడి వేషంలో ఉన్నాడు. ఇవాళ ప్రివ్యూ వేసేది అక్కడ తీసిన సైన్స్ ఫిక్షన్ బొమ్మల సినిమా. దొంగల్లో కలిసిన రహస్య పోలీసు మత్తుకు బానిసైపోవడం కథ. ఏజెంట్ కెమెరా ముందు చేసి చూపిస్తే, ఆర్టిస్టులు ఆ కదలికల మీదే బొమ్మలు గీశారు. హీరో చేతులు వణికే సీనుకు డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. ఏజెంట్ సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ వణుకు నటన కాదు. ముఠా నమ్మాలని ఆ కొత్త మందు మాత్ర మొదటిది మింగాడు. రెండోది ఎందుకు మింగాడో ఏ రిపోర్టులోనూ రాయలేదు.

మూడు యాభై ఐదు. హాలు తలుపు దగ్గర చీఫ్ టికెట్లు చింపేవాడి వేషంలో నిలబడ్డాడు. హీరోయిన్‌కు డబ్బింగ్ చెప్పిన సుందరి ఎర్ర గౌనులో మెరిసిపోతూ పిల్లలకు నీళ్ళ సీసాలు పంచుతోంది. ఆమె డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్.

“వానొచ్చేలా ఉంది,” ఏజెంట్ కోడ్‌వర్డ్ అందించాడు.

“గొడుగు తెచ్చాను. అంతా క్లీన్, డియర్!”

అయినా అతడు ఓ సీసా అందుకుని డిటెక్టర్ పెన్ ముంచాడు. మందు లేదన్నట్టు ఆకుపచ్చ లైటు వెలిగింది. అనుమానం తీరక ఒక గుక్క తాగాడు.

నాలుక కింద తెలిసిన చేదు. ఒళ్ళంతా ఇంకో గుక్క అడిగింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ మందు కొత్తవాళ్ళకు ఒట్టి నీళ్ళే. అలవాటు పడ్డవాడికే చేదు తెలుస్తుంది. ఆ సంగతి చీఫ్‌కూ తెలుసు.

నోరు మూసుకుంటే ఉద్యోగం, పరువు రెండూ దక్కుతాయి. తలుపు పక్కనే, ముందు వరసలో ఓ అమ్మాయి నవ్వుతూ సీసా మూత తిప్పుతోంది.

“ఆపండి! నీళ్ళలో మందుంది!”

“పెన్ క్లీన్ అంటోంది. నీకెలా తెలుసు?” చీఫ్ గద్దించాడు.

“చేదుగా ఉంది, సార్.”

చీఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. మరుక్షణం సుందరి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. ఏజెంట్ సీసాల ట్రేను ఆమె మీదికి తోశాడు. పిస్తోలు ఎగిరి దూరంగా పడింది. అమ్మాయి పెదవుల దాకా వచ్చిన సీసాను చీఫ్ ఒక్క ఉదుటున లాగేశాడు.

నాలుగున్నరకల్లా సుందరితో సహా ముఠా మొత్తం పోలీసు వ్యానెక్కింది. ఏజెంట్ తన ఐడీ కార్డు తీసి చీఫ్ చేతిలో పెట్టాడు.

“ఎప్పట్నుంచిరా?”

“ఏడు నెలలు. తప్పైపోయింది, బావా.”

“నిన్ను పంపింది నేను. వారం వారం నీ మొహం చూసింది నేను. పని ఎక్కువై నలిగిపోయావనుకున్నాను.” చీఫ్ కార్డు జేబులో వేసుకున్నాడు. “పద, ఆస్పత్రికి. దారిలో మీ అక్కకి ఫోన్ చెయ్యి.”

“మీరే చెప్పకూడదా?”

“అమ్మో! నేను చెబితే, నీ పక్క మంచం నాకే.”