ఉల్టా లేని జంపఖానా

అక్షరాలు దిద్దుకున్నది యాభై దాటాక. తప్పులుంటే మన్నించండి. నా చెయ్యి నిదానం, కథ మాత్రం పరుగెడుతుంది.

1979 ఫిబ్రవరి. కాజీపేట స్టేషన్ టీకొట్టు.

"ప్యాసింజర్ పోయిందా?"

"పోయింది. పొగ మిగిలింది."

కోడ్ కలిసింది. చీఫ్ రాంచందర్ టీగ్లాసు మీంచి చూపెత్తకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"రేపు పదకొండింటికి ఒక విదేశాంగ మంత్రి జంపఖానాలు చూడటానికి కొత్తవాడలో నువ్వు నేసే షెడ్డుకు వస్తాడు. వాళ్లది మధ్యరకం దేశం. ఒక అగ్రరాజ్యం ఓడరేవు అడుగుతోంది, ఇంకొకటి చమురు ఆపేస్తానంటోంది. దేశం లోపల రొట్టె కోసం అల్లర్లు. ఎవరికీ లొంగకుండా మనతో ఒప్పందానికి వస్తున్నాడు. సాయంత్రం హైదరాబాద్‌లో సంతకం. ఆలోపే చంపాలని ఒక విదేశీ ముఠా దిగింది."

"హంతకుడు?"

"తెలియదు. నాలుగు రోజులుగా నీ షెడ్డుకొస్తున్న సుల్తానా బేగమే రేపు నీకు తోడు. ముఠాలో ఉంటూ మనకు సమాచారమిచ్చే ఏజెంట్. మీర్జాపూర్ జంపఖానా వ్యాపారి కూతురు, మగ్గాల మధ్యే పెరిగింది. అందుకే ఆమెను ఎంచుకున్నాం."

ఏజెంట్ సారంగపాణి తలూపాడు. మూడేళ్లుగా అతను కొత్తవాడలో పోశయ్య అనే నేతగాడు. ఒక గది, ఒక కంచం, ఒక గ్లాసు. నాలుగు రోజుల క్రితం ఎగుమతిదారు వేషంలో దిగిన సుల్తానా ఒక్కతే, ఎవరూ లేనప్పుడు, "సారంగపాణి గారూ" అని పిలిచేది. ఆ పిలుపు కోసం అతను పని అయిపోయినా షెడ్డులోనే ఆగేవాడు.

మర్నాడు మంత్రి వచ్చాడు. పది మగ్గాల చప్పుడు. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, మెడలో కెమెరాతో సుల్తానా ముందుకొచ్చి, నేల మీద పరిచిన ఎర్ర జంపఖానా అంచు మడిచి చూసింది.

"ఇది ఉల్టా వేశారా? సీదా వైపు పైకి వేయండి. ఫొటో బాగా రావాలి."

షెడ్డు యజమానురాలు హుసేన్‌బీ పడీపడీ నవ్వింది. "ఏం బేగం సాబ్, గింత బేరం చేస్తవు, జంపఖానకు ఉల్టా సీదా ఉంటదా? రెండు దిక్కుల ఒక్కతీరే గద! నీకు అమ్మేటోళ్లు మస్తు టోపీ పెడుతున్నరు పో!"

సుల్తానా కూడా నవ్వింది. సారంగపాణి నవ్వలేదు. మగ్గాల మధ్య పెరిగిన పిల్ల అడిగే మాట కాదది. పుట్టుకే అబద్ధమైతే మిగతాదంతా అబద్ధమే.

ఆమె జంపఖానా కొసన నిలబడి కెమెరా ఎత్తింది. లెన్స్ ఉండాల్సిన చోట సన్నటి గొట్టం.

"స్మైల్ ప్లీజ్, ఎక్సలెన్సీ!"

సారంగపాణి రెండో కొస పట్టి ఒక్క గుంజు గుంజాడు. సుల్తానా వెల్లకిలా పడింది. 'టప్'మన్న శబ్దం మగ్గాల చప్పుడులో కలిసిపోయింది. పైకప్పు పెంకు ఒకటి పగిలి మంత్రి బూటు పక్కన రాలింది.

లేవనెత్తుతున్నట్టు వంగి, అతను ఆమె మణికట్టు బిగించాడు.

"వదిలేయండి, సారంగపాణి గారూ. నేను పోతే ఈ ఊళ్లో మిమ్మల్ని అసలు పేరుతో పిలిచేవాళ్లుండరు."

"తెలుసు," అన్నాడు. చెయ్యి వదల్లేదు.

మంత్రి కాపలాకు వచ్చిన సఫారీ సూట్లవాళ్లు ఆమెను అంబాసిడర్ కారు ఎక్కించారు.

"బేగం సాబ్‌కు ఏమైంది పోశయ్యా?"

"కాలు బెణికిందమ్మా. దవాఖానకు తీస్కపోయిండ్రు."

"జారిందా? జర చూసి నడవాలె గద!"

మంత్రి పెంకుముక్కను చూసి ఏదో అన్నాడు. దుబాసీ తర్జుమా చేశాడు: "ఇంత ప్రశాంతమైన ఊరు ఎక్కడా చూడలేదంటున్నారు."

సాయంత్రం రేడియోలో ఒప్పందం వార్త వచ్చింది. సారంగపాణి ఒక్కడే విన్నాడు. విని, మళ్లీ మగ్గం ఎక్కాడు. మంత్రిగారు రెండు జంపఖానాలకు ఆర్డరిచ్చి వెళ్లారు, త్వరగా కావాలట.

— కట్టమ్మ, అరవై మూడేళ్లు, ప్రస్తుతం మడికొండ.