తొంభైతొమ్మిది శాతం నమ్మకం

"ఇక్కడ చెరువుందని చెప్పిన మహానుభావులెవరండీ?"

మోకాళ్ల దాకా బురదతో మ్యాపుల ఆఫీసు గుమ్మంలో నిలబడి, చేతిలోని మ్యాపు మీద వేలుపెట్టి చూపిస్తూ అడిగాడు సర్వేయర్.

కంప్యూటర్ ముందున్న అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది. "నేను కాదండీ, ఏఐ. నేను దానికి పాఠాలు చెప్తానంతే."

"అయితే టీచర్‌గారూ, మీ స్టూడెంట్ చెప్పింది చెరువు కాదు. గోడౌన్ మీద కప్పిన నీలం టార్పాలిన్. రెండు బస్సులు మారి మరీ చూసొచ్చాను."

"ఉపగ్రహం ఫొటోలో రెండూ నీలంగానే ఉంటాయి కదండీ!"

"దగ్గరికెళ్తే ఒకదాంట్లోనే చేపలుంటాయండీ!"

ఆమె ఫక్కున నవ్వింది. అతని కోపం ఎటు పోయిందో పోయింది.

ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి ఏఐ ఇల్లు, రోడ్డు, చెరువు అంటూ మ్యాపులో గుర్తుపెడుతుంది. దానికి అనుమానమున్న చోట్ల జాబితా ఆమె పంపితే, అతను వెళ్లి చూసి నిజం చెప్పాలి. ఆ రోజు నుంచి సాయంత్రం ఐదయ్యేసరికి అతను ఆఫీసులో ప్రత్యక్షం. నాలుగున్నరకే ఆమె జుట్టు సర్దుకునేది.

మూడు నెలలయ్యాక, జోరుగా వాన పడుతున్న ఓ సాయంత్రం మేనేజర్ చప్పట్లు కొట్టాడు.

"మన ఏఐ పాసైంది! ఇక ఎవరూ వెళ్లి చూడక్కర్లేదు. సోమవారం నుంచి సర్వేయర్‌ని వేరే బ్రాంచికి పంపిస్తున్నాం."

"కంగ్రాట్స్ టీచర్‌గారూ," అన్నాడతను ఎటో చూస్తూ.

"మీకూ బురద తప్పింది, హాయి కదా," అంది ఆమె మరెటో చూస్తూ.

ఇంత తేలిగ్గా పొమ్మంటుందా అని అతనికి ఒళ్లు మండింది. ఇంత తేలిగ్గా వెళ్లిపోతాడా అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంతలో జాబితా తిరగేస్తున్న మేనేజర్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏమ్మా, ఈ పన్నెండు చోట్ల ఏఐకి తొంభైతొమ్మిది శాతం నమ్మకముందే! ఇతన్నెందుకు పంపావు?"

ఆమె ముఖం ఎర్రబడింది. "జాబితా ఖాళీగా ఉంటే... ఈయన రారు కదా సార్."



సర్వేయర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, నా తప్పూ ఉంది. రిపోర్టు ఫోన్లోనే పంపొచ్చు. నెట్ రావట్లేదని అబద్ధమాడి రోజూ వచ్చాను."

మేనేజర్ తల పట్టుకున్నాడు. అంతలోనే జాబితాలో సర్వేయర్ రాసిన జవాబుల మీదకి వంగాడు. "ఆగండాగండి! ఈ పన్నెండింట్లో మూడు తప్పులా? ఏఐ ఇంత గట్టిగా చెప్పినవి కూడా? ఈ మ్యాపు ఇలాగే ఇచ్చుంటే లేని రోడ్డు మీదికి అంబులెన్సులు పోయేవి కదయ్యా!"

బదిలీ కాగితం నిలువునా చించేశాడు. "ఇకనుంచి అది గట్టిగా చెప్పినవి కూడా వెళ్లి చూడాల్సిందే. రిపోర్టు మాత్రం ఫోన్లో పంపు బాబూ."

"కుదరదు సార్!" అన్నారిద్దరూ ఒకేసారి.

ఇద్దరూ వరండాలోకి రాగానే ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆదివారం ఒకర్ని తీసుకొస్తున్నా."

"సర్వే అబ్బాయేనా?"

"నీకెలా తెలుసు?"

"మూడు నెలలుగా అన్నం దగ్గర అతని కబుర్లే కదే! అల్లుడుగారు ఇవాళ ఎక్కడికెళ్లొచ్చారని మీ నాన్న రోజూ అడుగుతున్నారు."

స్పీకర్ ఆన్‌లో ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. పక్కన అతను చెవులదాకా నవ్వుతున్నాడు.

"నమస్కారం అత్తయ్యగారూ! ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?"

అవతల అమ్మ చేతిలో గరిటె కింద పడ్డ చప్పుడు.

"మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్ బాబూ."

వెనకనుంచి నాన్న గొంతు గట్టిగా వినిపించింది. "మధ్యాహ్నందాకా ఎందుకే? పొద్దున్నే రమ్మను!"